రొట్టె స్లాట్

నెల్లూరు, మంగళవారం రాత్రి.

పొద్దున ఐదున్నరకే మెలకువ వచ్చింది. అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతున్న చప్పుడు వింటూ, మంచం మీదే కూర్చుని, నిన్న రాత్రి నేను యూట్యూబ్‌లో ఆట చూపిస్తూ పెట్టిన లైవ్‌లో వచ్చిన సందేశాలన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఏడాదిగా ఇది నా అలవాటు. ఆడుతున్నప్పుడు కన్ను మ్యాప్ మీదా చెవి శత్రువు అడుగుల చప్పుడు మీదా ఉంటాయి కనుక, పక్కన పరుగెత్తే మాటల్లో సగం నాకు కనపడవు. ఎవరు ఎవరిని ఆదరించారో, ఎవరు ఎవరిని నొప్పించారో తెలిసేది ఆ కనపడని సగంలోనే.

రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా బీజీఎంఐ అనే ఫోను తుపాకుల ఆట ఆడుతూ లైవ్ పెడతాను. 60, 70 మంది వస్తారు. వారిలో పాతికమంది దాకా ఇందుకూరుపేట, కోడూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే కుర్రవాళ్లు. పగలు నేను గుంట నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల విడిభాగాలు అమ్మే దుకాణంలో పనిచేస్తాను. వీళ్లలో కొందరు మొదట గేర్‌బాక్సు కోసం కౌంటరు దగ్గరికి వచ్చి, నా గొంతు గుర్తుపట్టి, ఆ రాత్రే లైవ్‌కు వచ్చారు. గుంటల్లో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. అటువంటప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే, వెంటనే జనరేటర్ వెయ్యకపోతే, నెలల తరబడి మేపిన రొయ్య కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. కాబట్టి వాళ్లు నిద్రపోవడానికి వీలులేదు. గట్టు మీద రేకుల షెడ్డులో ఒంటరిగా మేలుకోవలసిన మనిషికి ఫోనులోంచి వినిపించే తెలుగు మాట ఎంత తోడుగా ఉంటుందో వాళ్లు చెప్పేదాకా నాకు తెలియలేదు. తెలిసిన తర్వాత మాత్రం, వాళ్లు వచ్చి కూర్చునే ఈ చోటు ఎలా ఉండాలన్నది నాకు ఆటలో గెలుపోటములకన్నా పెద్ద విషయమైపోయింది.

నిన్నటి సందేశాల్లో మూడింటిని యూట్యూబ్ ఎవరికీ చూపించకుండా ఆపేసింది. రెండు నిజంగానే బూతులు. మూడోది, తన కుక్క ఐదు పిల్లల్ని పెట్టిందని ఒక తమ్ముడు సంబరంగా చెప్పిన మాట. తిట్టుగా వాడుతున్నారని నేనే 'కుక్క' అనే మాటను నిషిద్ధ పదాల జాబితాలో చేర్చాను; దాని ఫలితంగా అతని సంతోషాన్ని నిన్న ఎవరూ చూడలేదు. ఆ మాటను జాబితాలోంచి తీసేశాను. తెలుగు తిట్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయవచ్చో, మధ్యలో చుక్కలూ ఖాళీలూ పెట్టి ఎన్ని రకాలుగా దాటించవచ్చో చూస్తే, యంత్రానికి జాబితా అప్పగించి నిశ్చింతగా ఉండడం కుదరదని తేలిపోతుంది. జల్లెడ అవసరమే, అయితే దాని పక్కన మనిషి కూడా ఉండాలి.

ఈ శ్రద్ధ నాకు మొదటి నుంచీ లేదు. పోయిన ఏడాది కావలిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నెల రోజులపాటు మా నలుగురి జట్టులో, అంటే స్క్వాడ్‌లో, ఆడింది. నా కన్నా బాగా ఆడేది. దూరం నుంచి కొట్టే స్నైపర్ తుపాకీ తన చేతికి వస్తే మాకు ధైర్యంగా ఉండేది. ఒక రాత్రి ఎవరో 40 రూపాయల సూపర్ చాట్, అంటే డబ్బు కట్టి రాసే సందేశం, పంపి, అందులో ఆమె గొంతు గురించి ఒక చెడ్డ మాట రాశారు. డబ్బు పంపినవాళ్ల సందేశాన్ని పైకి చదవడం అప్పటికి నాకు ఆనవాయితీ. చదివాను. చదివి నవ్వాను. నేను నవ్వానని మరో పదిమంది అటువంటివే రాశారు. ఆమె ఆ మ్యాచ్ పూర్తిచేసి, "అన్నా, రేపు పరీక్ష ఉంది" అని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. యూట్యూబ్ తన వాటా 30 శాతం పట్టుకున్నాక ఆ మాటకు నాకు ముట్టింది 28 రూపాయలైనా లేదు.

మర్నాడు ఆ రికార్డింగు మళ్లీ చూశాను. ఆ మాట రాసినవాడి మీద కన్నా నా నవ్వు మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. మాట ఒకడిదే అయినా, దాన్ని 60 మందికి వినిపించిన గొంతు నాది. లైవ్‌లో క్షమాపణ చెప్పాను, ఆమెకు విడిగా కూడా రాశాను. "పర్వాలేదన్నా" అని జవాబిచ్చింది. ఆ 'పర్వాలేదు' నన్ను ఇప్పటికీ వదలలేదు. అప్పటి నుంచి సూపర్ చాట్‌ను ముందు మనసులో చదువుకుని, తర్వాతే నోరు తెరుస్తున్నాను.

దుకాణంలో మధ్యాహ్నం దాకా ఊపిరి సలపలేదు. భోజనానికి కూర్చునేసరికి టెలిగ్రాంలో ఒక సందేశం ఉంది: రంగులు ఊహించి డబ్బు పెట్టే ఆట ఒకదాన్ని నా లైవ్‌లో పది నిమిషాలు చూపిస్తే నా రెండు నెలల జీతమంత ఇస్తారట. వద్దని రాసి, ఆ నంబరును బ్లాక్ చేశాను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు పందెపు ఆటలకు ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని 2020లోనే నిషేధించారు. చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. నన్ను నమ్మి వచ్చి కూర్చునేది గుంటల కాపలా జీతంతో ఇల్లు గడుపుకునే కుర్రవాళ్లు. వాళ్ల జేబుకు నా చేత్తో చిల్లు పెట్టించి, రాత్రికి మళ్లీ వాళ్లనే 'తమ్ముడూ' అని పిలవడం నాకు సాధ్యం కాదు.

సాయంత్రం ఇందుకూరుపేట తమ్ముడు ఫోన్ చేశాడు. చాట్‌ను కాపలా కాసే నా ఇద్దరు మోడరేటర్లలో అతనొకడు. అతను గొప్ప ఆటగాడు కాడు. చాలా మ్యాచ్‌ల్లో దిగిన రెండు నిమిషాలకే పోతాడు. కానీ కొత్తగా ఎవరు వచ్చినా ముందు అతనికే కనపడతారు, "రా అబ్బయ్యా, కూర్చో" అని రాస్తాడు, ఎవరెంత రెచ్చగొట్టినా మాట తూలడు. మోడరేటర్ పేరు పక్కన ఉండే రెంచి గుర్తు ఇవ్వవలసింది ఇలాంటివాళ్లకేనని నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట్లో బాగా ఆడే ఒకతనికి ఇచ్చాను. అతను తనకు నచ్చనివాళ్లనందరినీ బయటికి పంపేవాడు.

ఇవాళ ఇందుకూరుపేట తమ్ముడు ఒక సంగతి అడిగాడు: "అన్నా, నిన్న ఒకతను వచ్చినవాళ్లందరినీ ఇంటిపేరు అడుగుతున్నాడు, ఆపాలా?" ఆపమన్నాను. మన ప్రాంతంలో 'ఏ ఊరబ్బయ్యా' అని అడగడం ఆప్యాయతే, అయితే వెంటనే 'ఇంటిపేరేంది' అని అడిగితే దాని వెనక ఉన్నది కులం ఆరా అని అందరికీ తెలుసు. కులం, పార్టీ, హీరో అనే మూడు విషయాలూ మా దగ్గర రాకూడదన్న నియమం 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి పుట్టింది. అప్పటిదాకా కలిసి ఆడినవాళ్లు ఆ రాత్రి ఒకరి తల్లిదండ్రుల్ని ఒకరు తిట్టుకున్నారు. ఒక సందేశానికీ ఇంకోదానికీ మధ్య ఆగేలా చేసే స్లో మోడ్ పెట్టినా ఆగక, చివరికి ఇరవై నిమిషాలు చాట్‌నే మూసేశాను. ఆ ఇరవై నిమిషాలూ మూగవాళ్ల ముందు మాట్లాడుతున్నట్టు ఉండింది. నియమాలు చాలా పెట్టే అలవాటు నాకు లేదు. ఈ మూడింటికి తోడు, ఆడవాళ్ల గురించీ ఎవరి యాస గురించీ ఎగతాళి వద్దన్నది ఒక్కటి ఉంది. అంతకు మించితే ఎవరూ చదవరు.

"ఛానల్‌లో కనపడకుండా దాచెయ్యమంటావా?" అని కూడా అడిగాడు. అలా దాచేస్తే, ఆ మనిషి రాస్తూనే ఉంటాడు, అతని మాటలు అతనికి తప్ప ఎవరికీ కనపడవు, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. వట్టి గొడవకే వచ్చేవాళ్ల విషయంలో అది పనికొస్తుంది. కానీ తెలియక తప్పు చేసిన కుర్రవాణ్ణి గోడతో మాట్లాడుకోమని వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. కాసేపు రాయకుండా ఆపే టైమవుట్ ఇచ్చి, ఎందుకిచ్చామో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను.

రాత్రి తొమ్మిదికి లైవ్ మొదలుపెట్టాను. మంగళవారాలు మావాళ్లే చేరి ఆడుకునే కస్టమ్ రూమ్ ఆడతాము; ఇవాళ నలుగురేసి 12 స్క్వాడ్లు, 48 స్లాట్లు, అంటే చోట్లు. వీటి పంపకంలో ఒకప్పుడు రోజూ తగవే, పాతవాళ్లే ఎక్కి కూర్చునేవాళ్లు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ చూసి వచ్చిన ఒక తమ్ముడు దీనికి దారి చెప్పాడు. అక్కడ కోరిక ఉన్నవాళ్లు చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె అని అడిగి పుచ్చుకుంటారు, కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే పేరు రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. "మనం కూడా అట్నే చేద్దామన్నా, ఈ వారం గెలిచినోళ్లు పై వారం వాళ్ల స్లాట్లు కొత్తోళ్లకు ఇయ్యాల" అన్నాడు. అప్పటి నుంచి వాటిని అందరూ రొట్టె స్లాట్లనే పిలుస్తున్నారు. పోయిన వారం గెలిచిన నలుగురూ ఇవాళ ఆడకుండా కూర్చుని, తమ చోట్లో ఆడుతున్న కొత్తవాళ్లకు ఎక్కడ దిగాలో, ఏ తుపాకీ తీసుకోవాలో చాట్‌లో చెబుతుంటే నాకు గొంతు పట్టుకున్నట్టయింది. ఇందులో నా తెలివి ఏమీ లేదు. అది ఈ ఊరి తెలివి.

కస్టమ్ రూమ్‌లో ఇంకొక చిక్కు ఉంది. లైవ్ చూస్తూనే నేనెక్కడ దాక్కున్నానో తెలుసుకుని వచ్చి కొట్టేవాళ్లు ఉంటారు. అందుకని ప్రసారానికి 30 సెకన్ల ఆలస్యం పెడతాను. దానివల్ల నేను అడిగినదానికి జవాబు ఆలస్యంగా వస్తుంది, పలకరింపులో వేడి తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఆ ఆలస్యం తీసేసి, నా చోటు తెలిసిపోయినా సరే అనుకుంటాను. ఓడిపోవడం కన్నా పలకరించినవాళ్లకు వెంటనే పలకలేకపోవడమే నాకు ఎక్కువ నష్టమనిపిస్తుంది.

తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడు ఒకడు, పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు ఆటలో ఉన్న రోజుకు 3 గంటల పరిమితి అయిపోయిందని, వాళ్లన్న ఖాతాతో వస్తానని అడిగాడు. వద్దన్నాను. చిన్నబుచ్చుకోకుండా స్లాట్ల లెక్క రాసే పని అప్పగించాను. పది దాటగానే పడుకోమని పంపాను. "నేను ఎప్పుడు లైవ్ పెట్టొచ్చన్నా?" అని పోతూ అడిగితే, సొంతంగా లైవ్ పెట్టడానికి యూట్యూబ్ ఇప్పుడు 16 ఏళ్లు నిండాలంటుందని చెప్పాను.

రెండో మ్యాచ్‌లో రొట్టె స్లాట్ పుచ్చుకుని వచ్చిన కొత్తవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. మైకు తెరిచి, "అన్నా, కుడిపక్క ఇంట్లో ఇద్దరున్నారు" అంది. చాట్‌లో ఎవడో వెంటనే ఒక మాట రాశాడు. ఈసారి నాకు కనపడింది. నేను దాన్ని చదవలేదు, అతని పేరు ఎత్తలేదు, ఆట ఆపలేదు. "మంచి సమాచారం అమ్మా, స్మోక్ వెయ్, నీ వెనకే వస్తున్నా" అన్నాను. నేను ఆ మాట అనేసరికే ఇందుకూరుపేట తమ్ముడు టైమవుట్ ఇచ్చి, కింద ఒక వాక్యం రాసి ఉన్నాడు: "ఇక్కడ ఆడపిల్లల్ని అట్ట మాట్లాడరు అబ్బయ్యా, పది నిమిషాలాగి రా." దాని కింద ఎవరూ చెప్పకుండానే తొమ్మిది, పది మంది "కుడిపక్క ఇల్లు" "కుడిపక్క ఇల్లు" అని రాస్తూ పోయారు, ఆ చెడ్డ మాట పైకి జరిగిపోయి కనపడకుండా పోయింది. ఆమె ఇద్దరినీ కొట్టింది. చివరికి మేము నాలుగో స్థానంలో పోయాము. ఆమె పై వారం కూడా ఉంటానంది.

టైమవుట్ అయిన అబ్బాయి పావుగంటకు తిరిగి వచ్చి, ఇంకేమీ అనకుండా, "సారీ అన్నా, నెక్స్ట్ మ్యాచ్ స్లాటుందా" అని అడిగాడు. సారీ చెప్పవలసింది నాకు కాదని రాశాను. కాసేపటికి ఆమెకు రాశాడు. స్లాట్ ఇచ్చాము.

పదకొండుంపావుకు ఇందుకూరుపేట తమ్ముడు "కరెంటు పోయిందన్నా, జనరేటర్ దగ్గరికి పోతన్నా" అని రాసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాట్‌లో ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు. కోడూరు వైపు కరెంటు ఉందని ఒకరు, డీజిల్ చూసుకోమని ఒకరు, దగ్గర్లో ఉన్నాను బండి వేసుకుని రానా అని ఇంకొకరు రాశారు. ఆ అడిగినతను అతన్ని ఎప్పుడూ ముఖాముఖి చూసి ఉండడు. పదకొండున్నరకు ఆపవలసిన లైవ్‌ను ఆపబుద్ధి కాక, ఆట వదిలేసి, లాబీలోనే ఉండి మాట్లాడుతూ కూర్చున్నాను. పన్నెండుకు పది నిమిషాలుండగా వచ్చింది అతని సందేశం: "అన్నీ తిరగతన్నాయన్నా, చెక్ ట్రేలో రొయ్యను చూసి వస్తా. మీరు పడుకోండి."