మన హైవే మీద ఆంటొనోవ్ దిగిన రోజు

మా ఒంగోలుకు విమానాశ్రయం లేదు. నెల్లూరుకూ లేదు. చిన్నప్పటి నుంచీ విమానాలంటే ప్రాణం పెట్టే నాకు దక్కిందల్లా, రాత్రిపూట డాబా మీద పడుకుని చెన్నై వైపు మిణుకుమిణుకుమంటూ పోయే దీపాలను లెక్కపెట్టుకోవడమే. విశాఖ వెళ్లినప్పుడు మాత్రం పండగ. అక్కడి విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో భాగం. ప్రయాణికుల విమానాలూ, నేవీ వాళ్ల చిన్న డోర్నియర్ విమానాలూ అదే రన్‌వే వాడుకునేవి. రక్షణ స్థావరం కాబట్టి ఫొటోలు తీయకూడదు. కళ్లతో చూసి మనసులో దాచుకోవడమే.

అలాంటిది 2024 మార్చి 18న వాయుసేన విమానాలే మా దగ్గరికి వచ్చాయి. అద్దంకి దగ్గర, కొరిశపాడు దాటాక, 16వ నంబర్ జాతీయ రహదారి మీదికి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊళ్లు బాపట్లలో కలిశాయి గానీ, మా నోట్లో అది ఎప్పుడూ ప్రకాశమే.

సోమవారం. ఆఫీసుకు సెలవు పెట్టి, మేనల్లుణ్ణి బండెక్కించుకుని తెల్లారకముందే బయల్దేరాను. హైవే మీద ట్రాఫిక్ మళ్లించడంతో మేదరమెట్ల దాటాక ఊళ్ల మీదుగా, డొంక దారుల్లో పోయాం. శనగ కోసేసిన నల్లచేలు, దారిపొడవునా మిర్చి కల్లాల ఘాటు. పోలీసులు రోడ్డు దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు. పొలం గట్ల మీద జనం బారులు తీరి ఉన్నారు. మేమూ ఒక తుమ్మచెట్టు కింద చోటు చూసుకున్నాం.

విమానాలు దిగే ఆ హైవే ముక్క 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున్న కాంక్రీటు పట్టీ. మిగతా హైవేలో ఉన్నట్టు మధ్యలో మొక్కలు పెట్టిన మట్టి డివైడర్ ఉండదు. యుద్ధంలో రన్‌వేలు దెబ్బతిన్నా, తుపానుకు దారులన్నీ తెగిపోయినా విమానం దిగడానికి ఒక చోటు ఉండాలని కట్టారు. 2022 డిసెంబర్ 29న ఇక్కడే మొదటిసారి విన్యాసాలు జరిగితే ఆ రోజూ వచ్చాను. చక్రాలు నేలను తాకుతాయని ఊపిరి బిగబట్టి చూస్తే, విమానాలు దిగినట్టే దిగి పైకి లేచిపోయాయి. ఆ తర్వాత తూర్పు వైపు భాగాన్ని సరిచేశారు. ఈసారి రవాణా విమానాలు నిజంగానే దిగుతాయన్నారు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

మా పక్కన తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. "డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు మాకు అన్నం పొట్లాలు పైనుంచే పడేశారబ్బాయా. నీళ్లలో పడినవి పడగా మిగిలినవి తిన్నాం. ఇప్పుడు ఏకంగా దిగొచ్చన్నమాట," అన్నాడు. ఆ పట్టీ ఎందుకో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

సుఖోయ్ యుద్ధవిమానం వచ్చినప్పుడు ముందు ఆకారమే కనబడింది. చక్రాలు దించుకుని, ముక్కు పైకెత్తి, రోడ్డును తాకుతుందా అన్నంత కిందికి వచ్చి ఒక్కసారిగా లేచింది. అప్పుడు తెలిసింది శబ్దమంటే ఏమిటో. చెవుల్లో కాదు, గుండెల్లో మోగింది. గట్టు మీద కొంగలన్నీ ఒక్కసారే లేచాయి. హాక్ శిక్షణ విమానాలూ అలాగే తాకకుండా వచ్చి పోయాయి. యుద్ధవిమానాలు నడపబోయే కుర్ర పైలట్లు చేయి తిప్పుకునేది వాటి మీదే.

నేను ఎదురుచూసింది మాత్రం ఏఎన్-32 అనే ఆంటొనోవ్ రవాణా విమానం కోసం. దాని రెక్కల వెడల్పు 29 మీటర్ల పైచిలుకు. రోడ్డు 33 మీటర్లు. నట్టనడుమ దిగినా అటూ ఇటూ రెండేసి మీటర్లు కూడా మిగలవు. బైనాక్యులర్స్ పట్టుకున్న చేతులు వణికాయి. వచ్చింది. బరువుగా, నింపాదిగా, గాలిలో చిన్నగా ఊగుతూ. చక్రాల దగ్గర గుప్పుమని పొగ లేచింది.

"మామయ్యా, తాకింది!" మావాడు నా భుజం పట్టుకుని కుదిపేశాడు.

విమానం నెమ్మదించాక తనివితీరా చూశాను. ఈ విమానానికి ఇంజన్లు రెక్కల కింద వేలాడవు, రెక్కల మీద మూపురంలా ఉంటాయి. పెద్ద ప్రొపెల్లర్లకు చోటు చాలాలి, నేల మీది రాళ్లూ దుమ్మూ లోపలికి పోకూడదు. కచ్చా రన్‌వేల మీద కూడా తిరగగల విమానం. డోర్నియర్ కూడా దిగింది, లేచింది. ద్వీపకల్ప భారతంలో రవాణా విమానాలు ఇలా రోడ్డు మీద దిగడం ఇదే మొదటిసారి. అదీ మా ఒంగోలు బస్సులు తిరిగే రోడ్డు మీద.

రెండు వారాల తర్వాత విజయవాడ బస్సులో ఆ ముక్క మీదికి వచ్చాను. టైర్ల చప్పుడు మారగానే పుస్తకం మూసి కిటికీ పక్కకు జరిగాను. మూడు నిమిషాల్లో దాటిపోతుంది. లారీల టైర్ల గుర్తుల మధ్య ఏఎన్-32 చక్రాల మచ్చ ఎక్కడైనా మిగిలిందేమోనని, రేణంగివరం వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాను.