ఏ ఊరి పిట్టలో చెప్పమంటే

నిద్ర రావడం లేదు. మౌస్‌బర్డ్‌లనే పొడుగు తోక పిట్టల్ని మాకిచ్చిన బెజవాడ అమ్మకందారుకి, అవి ఎక్కడివో అడగడానికి ఇవాళ మళ్ళీ ఫోన్ చేశాను. "ఆఫ్రికా పిట్టలు మేడమ్, అంతే" అన్నాడు. ఎవరి దగ్గర కొన్నాడో చెప్పడు. డబ్బులకి మాత్రం పొద్దున్నే గుర్తుచేశాడు! ప్రాణం ఉన్నవాటిని అమ్మేవాడికి అవి ఎక్కడివో తెలుసుకోవాలని ఉండదా?

జాతి విషయంలో నాకు అనుమానం లేదు. మౌస్‌బర్డ్‌లు మొత్తం 6 జాతులే. మా వాటికి మెడ వెనక నీలం లేదు, కళ్ళ చుట్టూ ఎర్ర చర్మమూ లేదు. పై ముక్కు నలుపు, కింది ముక్కు లేత రంగు, రొమ్ము మీద సన్నటి అడ్డచారలు. స్పెకిల్డ్ మౌస్‌బర్డే, కోలియస్ స్ట్రియాటస్. చిక్కంతా ఆ తర్వాతే. ఈ ఒక్క జాతిలోనే 17 దాకా ఉపజాతులున్నాయి. తేడాలు చూస్తే చెంప ఎంత తెలుపు, కన్ను ఏ రంగు, ముఖం ఎంత నలుపు, ఇవే.

మధ్యాహ్నం బాల్కనీలో పెద్దది ఊచ పట్టుకుని వేలాడుతూ, కాళ్ళు భుజాల దాకా ఎత్తి, పొట్ట ఎండకి పెట్టుకుంది. నాలుగు వేళ్ళూ ముందుకే తిప్పి పట్టుకుంది. ఎంత ముద్దొచ్చిందో. అప్పుడు చెంప తెల్లగా కనిపించింది. కాస్త నీడ పడగానే అదే చెంప బూడిద రంగు. అప్పుడు తీసిన ఫోటోలే తెలిసినవాళ్ళకి పంపితే ఒకరు కెన్యావన్నారు, ఇంకొకరు దక్షిణాఫ్రికావన్నారు. ఇద్దరూ అంత ధీమాగా ఎలా చెప్పారో! మా ఆయన "పుస్తకంలో ఏదో ఒక ఉపజాతి రాసి పడుకో" అంటారు. అలా ఎలా రాస్తాను?

మిర్చి యార్డులో తాతయ్య గుర్తొచ్చాడు. సీజన్లో నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య దగ్గుకుంటూ నిలబడేదాన్ని. కాయ తీసి తొడిమె చూసేవాడు, విరిచి గింజలు చూసేవాడు, తాలు పక్కకి తీసేవాడు. తేజానో, 334నో, బ్యాడగీయో, ఏ రకమో అప్పుడు చెప్పేవాడు. అంతకంటే ముందు రైతుని అడిగేది మాత్రం ఒక్కటే, "ఏ ఊరి సరుకు?" ఒకసారి రెండు ఊళ్ళ కాయలు కలిపి తెచ్చారు. బేరం బాగా ఉన్నా తాతయ్య దానికి రకం పేరు చెప్పలేదు. ఆ రైతు ఎంత బతిమాలాడో. పక్క కొట్టువాళ్ళు కూడా వచ్చి నచ్చజెప్పారు. సాయంత్రం దాకా ఆ టిక్కీలు అక్కడే ఉన్నాయి. ఇంటికొచ్చాక అమ్మమ్మ కోప్పడింది కూడా.

రాయడం మొదలుపెట్టినప్పుడు ఉపజాతి ఏదో తేల్చేసి పడుకుందామనుకున్నాను. కెన్యా వైపే మొగ్గుతున్నాను కూడా, ఆ చెంప తెలుపు వల్ల. ఇప్పుడు వద్దనిపిస్తోంది. అడవిలోనే పక్కపక్క ఉపజాతులు కలిసిపోతాయి. పంజరాల్లో తరాలుగా దేన్ని దేనితో జత కట్టారో ఎవరు రాసిపెట్టారు? వీటి తల్లిదండ్రులు రెండు చోట్లవి అయ్యుంటే ఏ పేరు పెట్టినా అబద్ధమే. ఆ పేరుతోనే రేపు ఇంకొకరు జత వెతుక్కుంటారు.

పుస్తకంలో "స్పెకిల్డ్ మౌస్‌బర్డ్, ఎక్కడివో తెలియదు" అని రాశాను. రేపు ఆ అమ్మకందారుకి మళ్ళీ ఫోన్ చేస్తాను. ఉపజాతి మాట ఎత్తను. తను ఎవరి దగ్గర కొన్నాడో వాళ్ళ నంబర్ ఇమ్మంటాను, ఇచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.