మామయ్య వాన లెక్క, ఒక జీబీ మెమరీ

రాత్రి రెండున్నర దాటాక వాన మొదలైంది. మా అనంతపురంలో మే నెల వానకు ఒక వరస ఉంది. ముందు ఈదురుగాలి, తర్వాత దుమ్ము, కిటికీ రెక్కలు టపటపా కొట్టుకోవడం, ఆపైన కరెంటు పోవడం, చిట్టచివర నాలుగు చినుకులు. ఈసారి నాలుగు చినుకులతో సరిపెట్టకుండా అరగంట గట్టిగానే కురిసింది. నేను మిద్దె మీద ఆరేసిన బట్టలు తెచ్చి లోపల పడేసి మళ్లీ పడుకున్నాను. మామయ్య మాత్రం పడుకున్నట్టు లేరు. తెల్లవారగానే వంటింటి గడప దగ్గర నిలబడి అడిగారు.

"ఏమమ్మా, ఎంత పడింది?"

"ఎనిమిదిన్నర కానివ్వండి మామయ్యా, చెబుతాను."

తెలియక అడగలేదు, ఆగలేక అడిగారు. వాతావరణ శాఖ లెక్కలో రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాటి ఉదయం 8:30 వరకు. ఆ మధ్యలో కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే దాన్ని వాన కురిసిన రోజు అంటారు. ఊళ్లో సేద్యం చేసిన కాలం నుంచీ మామయ్య నోటు పుస్తకంలో ఇదే పద్ధతి. అప్పట్లో నిలువు గోడల డబ్బా, స్కూలు స్కేలు. ఇప్పుడు ఆ డబ్బాతోపాటు నా పెట్టె కూడా ఉంది. రెండింటికీ తేడా వస్తే ఆయన డబ్బానే నమ్ముతారు, అది వేరే సంగతి.

పెట్టె అంటే మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన ఉన్న రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్. 2016లో వచ్చిన రకం. అరచేతిలో పట్టేంత బోర్డు, మెమరీ ఒక జీబీ. అది కూడా బోర్డుకే టంకం వేసి ఉంటుంది కాబట్టి పెంచే దారి లేదు. ఆ ఒక్క జీబీలోనే గ్రాఫిక్స్ భాగం తన వాటా తీసుకోగా మనకు కనిపించేది తొమ్మిది వందల చిల్లర ఎంబీ. దాంతోనే నాలుగు పనులు నడవాలి. మిద్దె మీద వానమాపకం లోపలి దొన్నె ఒరిగినప్పుడల్లా లెక్కపెట్టాలి. ట్యాంకులో నీటి మట్టం చూడాలి. కెమెరాతో ఆకాశాన్ని ఫొటోలు తీయాలి. ఇవన్నీ ఫోనులో కనిపించేలా ఒక పేజీ వడ్డించాలి. మొదటి రెండింటికీ మెమరీ లెక్కలోకి రాదు. అన్నీ తినేది కెమెరా ప్రోగ్రాం. ఎవరో పుణ్యాత్ములు రాసి ఉచితంగా పెట్టింది. మొదలైనప్పుడు 90 ఎంబీతో బుద్ధిగా ఉంటుంది. తీసిన ప్రతి ఫొటోకూ కాస్త మెమరీ తీసుకుంటుంది, తిరిగి ఇవ్వదు. వదిలేస్తే రెండు రోజులకు 500 దాటుతుంది. ఆ లీకు ఎక్కడుందో వెతకడానికి సెలవుల్లో కొంతకాలం కూర్చున్నాను. ఆ కోడు చదువుతూ పోతే నా ఉద్యోగం భౌతికశాస్త్రం చెప్పడమన్న సంగతే మరిచిపోతానేమో అనిపించి లేచాను.

మెమరీ నిండితే కంప్యూటర్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజంగా ఆగిపోతే మేలు. ఈ బోర్డును నడిపే ఆపరేటింగ్ సిస్టం లైనక్స్ అంత తొందరగా చేతులెత్తేయదు. చోటు కోసం ముందుగా నడుస్తున్న ప్రోగ్రాముల కోడునే మెమరీలోంచి తీసేస్తుంది. మరుక్షణం అదే కోడు అవసరమై, ప్రోగ్రాములన్నీ దాచి ఉండే మెమరీ కార్డు నుంచి మళ్లీ చదువుతుంది, మళ్లీ తీసేస్తుంది. ఆ కార్డు వేగం ఎంతని? ఇలా గంటలు గడుస్తాయి. బయటి నుంచి పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని పిలిస్తే, బోర్డు పలుకుతుంది, లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ అడగడానికే పది నిమిషాలు. పచ్చదీపం ఆగకుండా మినుకుమంటూ ఉంటుంది. చూసినవాళ్లు ఎంత కష్టపడి పనిచేస్తోందో అనుకుంటారు. చావూ బతుకూ కాని ఈ స్థితిలోనే నాకు నిరుడు మంచి వానలు రెండు లెక్కకు రాకుండా పోయాయి. మామయ్య ఏమీ అనలేదు. డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు, అంతే.

అప్పటి నుంచి నా ఆలోచన మారింది. మెమరీ చాలకపోవడం ఎలాగూ తప్పదు. ఆ ఘడియ వచ్చినప్పుడు ఎవరు పోవాలో నేను ముందే చెప్పి ఉంచాలి, యంత్రానికి వదిలేయకూడదు. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ దీనికి చోటిచ్చింది. చివరకు చంపక తప్పనప్పుడు అది ప్రతి ప్రోగ్రాంకు ఒక మార్కు వేసి, ఎక్కువ మార్కు వచ్చినదాన్ని చంపుతుంది. ఎక్కువ మెమరీ తింటే ఎక్కువ మార్కు. ఆ మార్కును మనం మైనస్ 1000 నుంచి ప్లస్ 1000 వరకు సర్దవచ్చు. మైనస్ 1000 అంటే దాని జోలికి పోవద్దని అర్థం.

ఈ మార్కుల దగ్గర ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. వాన లెక్కకు మైనస్ 1000 ఇవ్వడంలో ఎవరికీ పేచీ లేదు, మామయ్య ఎదురుగా కూర్చున్నారు కదా. ట్యాంకు మట్టం కూడా అంతే ముఖ్యమని మా ఆయన వాదన. నీళ్లు లేకుండా మోటారు తిరిగితే కాలిపోతుందట. దానికి మైనస్ 500. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి మాత్రం కోపం వచ్చింది. మేఘాల ఫొటోలన్నీ కలిపి వీడియో చేస్తున్నది తను. "నా కెమెరాకే ఎందుకమ్మా ప్లస్ 800?" అంది. తినేది అదే కాబట్టి అన్నాను. ఆ జవాబు తనకు నచ్చలేదు. ఇంట్లో ఎక్కువ తినేది తాను కాదని మాత్రం గుర్తుచేసింది.

మార్కులు ఒక్కటే చాలవు, ఎందుకంటే కెర్నెల్ చంపేదాకా వచ్చేసరికి ఆ చావూ బతుకూ కాని ఘట్టం ఎలాగూ మొదలైపోతుంది. అందుకే కెమెరాకు 300 ఎంబీ హద్దు గీశాను. ఆ హద్దు దాటితే మిగతా మెమరీ ఎంత ఖాళీగా ఉన్నా దాన్ని ఆపి, అర నిమిషం తర్వాత మళ్లీ మొదలుపెట్టమని, ప్రోగ్రాముల్ని మొదలుపెట్టే ఆపే పని చూసే సిస్టమ్‌డికి చెప్పాను. ఇక్కడొక మెలిక ఉంది, ఈ బోర్డులు వాడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టంలో మెమరీకి హద్దులు పెట్టే సీగ్రూప్ ఏర్పాటును ముందే ఆపి ఉంచుతారు. హద్దు రాస్తే ఫైలు తీసుకుంటుంది, తప్పు అని చెప్పదు, కానీ అమలు చేయదు. కార్డులో బోర్డు మొదలవగానే చదివే భాగమైన బూట్ పార్టిషన్‌లోని కమాండ్‌లైన్ ఫైలులో దాన్ని తెరవమని రాసి బోర్డును మళ్లీ మొదలుపెట్టాలి. అదీ ఉన్న ఒకే వరుసలోనే రాయాలి, రెండో వరుసలోకి దిగితే ఆ మాట చెల్లదు. రాసుకున్న హద్దుకూ అమల్లో ఉన్న హద్దుకూ తేడా ఉంటుందని ప్రభుత్వ కాగితాలు చూసిన మామయ్యకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఎనిమిదిన్నరకు లాగ్, అంటే బోర్డు తన పనులు రాసుకునే చిట్టా, తెరిచాను. వాన 2:41కి మొదలైంది. కెమెరా 2:56కి హద్దు దాటింది. కెర్నెల్ దాన్ని చంపినట్టు ఒక్క వరుస రాసుకుంది, అర నిమిషానికి అది మళ్లీ లేచింది. ఈలోగా వానమాపకం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. లోపలి చిన్న దొన్నె నిండి ఒకవైపు ఒరిగినప్పుడల్లా 0.2794 మిల్లీమీటర్లు. మొత్తం 40 సార్లు ఒరిగింది, అంటే 11.2. డబ్బాలో 11. మామయ్య రెండూ చూసి తల ఊపారు. "దుమ్ము అణిగింది. దుక్కికి చాలదు" అని నోటు పుస్తకం తీశారు.

కెమెరా చచ్చి లేవడం మా అమ్మాయికి ఇంకా అవమానంగానే ఉంది. అందుకని టిఫిన్ దగ్గర అపోలో 11 కథ ఎత్తుకున్నాను. 1969 జులై 20న చంద్రుడి మీదకు దిగుతుండగా కంప్యూటర్ 1202 అనే హెచ్చరిక చూపించింది. కొత్త పని మొదలుపెట్టడానికి కావలసిన మెమరీ గడులు ఖాళీ లేవని దాని అర్థం. దిగడానికి పనికిరాని రాడార్ ఒకటి సమయం తినేస్తూ ఉండటంతో పనులు పేరుకుపోయాయి. ఆ కంప్యూటర్‌లో రాసి చెరిపేయగల మెమరీ మొత్తం 2048 పదాలు, మన లెక్కలో నాలుగు కేబీ. అది ఏం చేసిందంటే, తనంతట తాను మళ్లీ మొదలై, తక్కువ ముఖ్యమైన పనులు వదిలేసి, దిగే పనిని ఆగిన చోటి నుంచి ఎత్తుకుంది. హెచ్చరిక మళ్లీ మళ్లీ వచ్చింది, ప్రతిసారీ అదే చేసింది, వాళ్లు దిగారు. అది ముందే అలా రాసిపెట్టిన పద్ధతి. ఇడ్లీ నములుతూ అంతా విని మా అమ్మాయి అడిగిన ప్రశ్న: "అయితే రాడార్‌కు ప్లస్ 800 అన్నమాట?"

రోజూ ఉదయం 8:31కి బోర్డు మొత్తాన్ని ఒకసారి ఆపి మొదలుపెట్టిస్తాను. కంప్యూటర్ తెలిసిన స్నేహితులు దీన్ని చేతకానితనం అంటారు, జబ్బు తెలుసుకోకుండా మాత్ర వేయడమట. వేయక? 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ బోయింగ్ 787 విమానాల గురించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. 248 రోజులు ఏకబిగిన కరెంటు మీద ఉంచితే జనరేటర్లను అదుపు చేసే యూనిట్లలో ఒక లెక్క పొంగిపొర్లి అన్నీ ఒకేసారి ఆగిపోవచ్చు, కాబట్టి ఆ గడువులోపే కరెంటు తీసి మళ్లీ ఇవ్వాలి అని. సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా విమానానికే అది వైద్యం. నా మెట్ల కింద బోర్డుకు పరువేమి తక్కువ? 8:31 అని ఎందుకంటే, మామయ్య లెక్క అప్పుడే ముగుస్తుంది. ఒకవేళ అప్పుడే వాన పడుతుంటే పునఃప్రారంభం వాయిదా పడుతుంది.

కార్డు మీదకు రాతలు తగ్గించడానికి లాగ్‌లన్నీ మెమరీలోనే ఉంచి, గంటకోసారి కార్డులోకి దింపుతున్నాను. మెమరీ చాలనప్పుడు వాడుకునే అదనపు చోటైన స్వాప్‌ను కూడా కార్డు మీద నుంచి తీసేసి జడ్‌ర్యామ్ పెట్టాను. అది వాడని పేజీలను మెమరీలోనే కుదించి దాస్తుంది. వాన లెక్కకు మాత్రం ఈ పొదుపు లేదు, దొన్నె ఒరిగిన ప్రతిసారీ వెంటనే కార్డు మీద రాయాల్సిందే. అలా రాస్తే కార్డు అరిగిపోదా అని మా ఆయన అడిగారు. ఏడాదికి మన జిల్లాలో పడేది సగటున 550 మిల్లీమీటర్లు, అంటే రెండు వేల రాతలైనా లేవు. అనంతపురం వానకు అరిగే కార్డు ఇంకా పుట్టలేదు.

సాయంత్రం మా అమ్మాయి రాజీకి వచ్చింది. 30 సెకన్లకు ఒక ఫొటో బదులు 2 నిమిషాలకు ఒకటి చాలంది. దాంతో కెమెరా హద్దు దాటడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది, దాటేలోపే 8:31 వచ్చేస్తుంది. కానీ పొద్దు గూకే గంటలో మాత్రం 10 సెకన్లకు ఒకటి కావాలట, మేఘాల రంగులు అప్పుడే మారతాయట. టైమింగ్ మార్చి పెట్టాను. ఆ గంటలో మెమరీ ఎంతకు ఎక్కుతుందో ఐదు నిమిషాలకోసారి రాసుకునే చిన్న స్క్రిప్టు ఒకటి తోడు పెట్టాను. రేపు కాలేజీ నుంచి వచ్చాక చూడాలి.