క్లచ్ తొక్కితే ఏమేమి ఆగుతాయి? పాతకాలపు ట్రాక్టర్‌ను నేను ఎంచుకున్న తీరు

నాకున్నది మూడెకరాల లోపు నేల. అందులో సగం గడ్డి, మిగిలినది చెట్లు, ఒక పక్క కాస్త వాలు. ఏటా కొన్ని నెలలు గడ్డి మోకాలి ఎత్తుకు పెరుగుతుంది. దాన్ని కోయాలి, బాట మీద గుంతలు పడితే చదును చేయాలి, అప్పుడప్పుడు చిన్న ట్రాలీ లాగాలి. ఇంతకు మించి పని లేదు. ఈ మాత్రానికి కొత్త ట్రాక్టర్ ఎందుకనిపించింది. పైగా 1940ల నుంచి 1970ల దాకా వచ్చిన చిన్న ట్రాక్టర్లంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. మూత తీస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. నాలుగు స్పానర్లు, ఒక సుత్తి, కాస్త ఓపిక ఉంటే చాలా మరమ్మతులు ఇంట్లోనే చేసుకోవచ్చు. బాగా అమ్ముడైన మోడళ్లకు విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

కొనాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని హెచ్‌పీ అని, తరువాత ఏ కంపెనీ అని. గడ్డి కోయడానికైతే వీటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: క్లచ్ తొక్కితే ఏమేమి ఆగుతాయి?

ఫోర్డ్ 8ఎన్‌ను తీసుకోండి. 1947 నుంచి 1952 దాకా ఐదు లక్షలకు పైగా తయారైంది. బూడిద రంగు రేకులు, ఎర్రటి ఇంజన్, ఎక్కడ నిలబెట్టినా కళ్లు దానిమీదికే పోతాయి. అయితే దాని పీటీఓకి, అంటే వెనక తగిలించిన గడ్డికోత యంత్రం (మోవర్) వంటి పనిముట్లను తిప్పే షాఫ్టుకు, శక్తి గేరుబాక్సు గుండా, చక్రాలకు వెళ్లే అదే క్లచ్ ద్వారా అందుతుంది. క్లచ్ తొక్కారంటే చక్రాలూ ఆగుతాయి, పీటీఓ కూడా ఇంజన్ నుంచి విడిపోతుంది. పనిముట్లను పైకెత్తే లిఫ్టును నడిపే హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడి) పంపును తిప్పేదీ పీటీఓనే కాబట్టి లిఫ్టు కూడా పైకి లేవదు. దట్టమైన గడ్డిలో మోవర్ ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు మనకు కావలసింది ట్రాక్టర్ ఆగి, బ్లేడు మాత్రం తిరుగుతూ గడ్డిని నమిలేయడం. ఈ బండిలో ఆ వీలు లేదు. గేరు తప్పించి, క్లచ్ వదిలి, బ్లేడు వేగం అందుకునేదాకా ఆగి, మళ్లీ గేరు వేసి కదలాలి.

అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. రోటరీ మోవర్ బ్లేడు బరువైనది. ఒకసారి వేగం అందుకున్నాక దానంతట అది తిరుగుతూనే ఉంటుంది. మీరు క్లచ్ తొక్కినా ఆ వేగం షాఫ్టు గుండా వెనక్కి గేరుబాక్సులోకి, అక్కడి నుంచి చక్రాల్లోకి వచ్చి ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది. ఎదురుగా కంచె ఉన్నా, చెట్టు ఉన్నా, మనిషి ఉన్నా ఆగదు. దీనికి విరుగుడు ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న పరికరం. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం ఫ్రీవీల్ మీద తిరుగుతున్నట్టే, బ్లేడు తనపాటికి తాను తిరుగుతుంది, ఆ బలం ట్రాక్టర్‌కు చేరదు. 8ఎన్ గానీ, దానికి ముందు వచ్చిన 9ఎన్, 2ఎన్ గానీ కొంటే ఇది లేకుండా రోటరీ మోవర్ తగిలించకండి. ఇది నా గట్టి మాట. పరికరం బిగించాక మోవర్ షాఫ్టు పొడవును సరిచూసుకుని, ఎక్కువైతే తగ్గించుకోవాలి. దీనితో ట్రాక్టర్‌ను నెట్టడం ఆగుతుందే తప్ప, క్లచ్ తొక్కగానే పీటీఓ ఆగే ఇబ్బంది అలాగే మిగిలి ఉంటుంది.

1953లో వచ్చిన ఫోర్డ్ జూబిలీలో హైడ్రాలిక్ పంపును ఇంజన్ నుంచే నడిపారు. దానితో లిఫ్టు సమస్య తీరింది, పీటీఓ మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. ఆ తరువాతి ఫోర్డుల్లో 660, 860 మోడళ్లకు లైవ్ పీటీఓ, అంటే చక్రాలు ఆగినా తిరుగుతూనే ఉండే పీటీఓ, వచ్చింది. ఫోర్డు మీదే మనసుంటే ఆ రెండింటి కోసం ఓపికగా వెతకమంటాను.

నా మనసు ఫెర్గూసన్ ట్రాక్టర్ల వైపు మొగ్గింది. 1938లో హ్యారీ ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్ చేయి చేయి కలిపి కుదుర్చుకున్న ఒప్పందంతో ఫెర్గూసన్ రూపొందించిన త్రీపాయింట్ లింకేజీ (పనిముట్టును మూడు చోట్ల తగిలించి ఎత్తే అమరిక) 1939 నాటి 9ఎన్‌లోకి వచ్చింది. ఆ స్నేహం చెడి, వ్యవహారం కోర్టుకెక్కి, 1952లో ఫోర్డ్ కంపెనీ 92.5 లక్షల డాలర్లు చెల్లించడంతో ముగిసింది. ఈలోగా ఫెర్గూసన్ ఇంగ్లండులోని కోవెంట్రీలో తన సొంత టీఈ20ని 1946 నుంచి 1956 దాకా తయారు చేయించారు. ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది ఈ ట్రాక్టర్ల మీదే. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా గడ్డి కోతకు టీఈ20ని ఎంచుకోలేదు. కారణం మళ్లీ ఆ క్లచ్చే. దానికి తోడు టీఈ20 లిఫ్టులో డ్రాఫ్ట్ కంట్రోల్ (లాగుడు బరువును బట్టి పనిముట్టు లోతును సర్దే పద్ధతి) మాత్రమే ఉంది. నాగలికి అది వరమే గానీ, మోవర్‌ను ఒకే ఎత్తున నిలబెట్టడానికి పొజిషన్ కంట్రోల్ కావాలి. అది 8ఎన్‌లో ఉంది, టీఈ20లో లేదు. లేనప్పుడు గొలుసులు కట్టి మోవర్‌ను ఆపుకోవాలి.

చివరికి తెచ్చుకున్నది మ్యాసీ ఫెర్గూసన్ 35. మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజన్, రెండు దశల క్లచ్. పెడల్ సగం దాకా తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. నేను వెతికింది సరిగ్గా దీన్నే. అయితే 35లన్నింటికీ ఈ క్లచ్ ఉండదు, ఒకే దశ క్లచ్‌తో వచ్చినవీ ఉన్నాయి. అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, పీటీఓ వేసి, గేరులో పెట్టి, సగం తొక్కి కళ్లారా చూడండి. ఇంజన్ విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. తొలినాళ్ల 35లలో వచ్చిన నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ చల్లని ఉదయాల్లో స్టార్టు కాక విసిగిస్తుందని పేరు పడింది. మూడు సిలిండర్లది నమ్మకమైనది. 1964లో వచ్చిన 135లోనూ ఆ కుటుంబం ఇంజనే ఉంది. డబ్బు, అవకాశం ఉంటే 135 ఇంకా మంచిది.

గేర్ల సంగతి కూడా చూసుకోవాలి. మోవర్‌కు కావలసిన, నిమిషానికి 540 చుట్ల వేగం పీటీఓకి రావాలంటే ఈ 35లో ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. అంటే నెమ్మదిగా వెళ్లాలనుకుంటే యాక్సిలరేటర్ తగ్గించి లాభం లేదు, గేరే తగ్గాలి. 35కి ముందుకు ఆరు గేర్లున్నాయి, తక్కువ వేగపు లో రేంజిలో దట్టమైన గడ్డిలోనూ నింపాదిగా సాగుతుంది. 8ఎన్‌కు ఉన్నవి నాలుగే. 9ఎన్, 2ఎన్‌లకైతే మూడే.

మోవర్ వెడల్పుకు రైతులు వాడే లెక్క అడుగుకు ఐదు హెచ్‌పీ, అదీ పీటీఓ దగ్గర అందే హెచ్‌పీ. ఐదడుగుల మోవర్ ఈ తరహా ట్రాక్టర్లకు సరిగ్గా కుదురుతుంది. ఇంకో లెక్క కూడా ఉంది. 8ఎన్, ఫెర్గూసన్‌లలో వెనక చక్రాలను ఎంత దగ్గరకు జరిపినా ఒక టైరు నడుమ నుంచి రెండో టైరు నడుమకు దూరం 48 అంగుళాలు. టైరు వెడల్పు పది, పదకొండు అంగుళాలు కలిపితే బయటి అంచుల మధ్య దాదాపు ఐదడుగులు. అంతకన్నా చిన్న మోవర్ పెడితే టైరు తొక్కి పడుకోబెట్టిన గడ్డి కోతకు అందకుండా మిగిలిపోతుంది.

నేల ఎకరంలోపే ఉండి, గడ్డి పచ్చికలా పొట్టిగా ఉంటే మాత్రం వీటన్నిటినీ పక్కనపెట్టి ఫార్మాల్ కబ్ అనే చిన్న ట్రాక్టర్‌ను చూడమంటాను. 1947లో మొదలై 1979 దాకా వచ్చింది. ఇంజన్ ఒక పక్కకు, డ్రైవరు సీటు మరో పక్కకు ఉండటంతో ముందు నేల స్పష్టంగా కనిపిస్తుంది. పొట్ట కింద బిగించే మోవర్‌తో చెట్ల మొదళ్ల చుట్టూ ఒడుపుగా తిరుగుతుంది. కానీ దాని పీటీఓ వ్యతిరేక దిశలో, చాలా ఎక్కువ వేగంతో తిరుగుతుంది. మామూలు మోవర్లు దానికి పనికిరావు.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్‌ను ముందే వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయ్యే తీరులోనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. హైడ్రాలిక్ ఆయిల్ పాలలా ఉంటే నీరు చేరిందని అర్థం. 8ఎన్‌లో గేరుబాక్సుకు, లిఫ్టుకు, వెనక ఇరుసుకు ఒకే ఆయిల్, గేరు రాడ్ దగ్గరి రబ్బరు చిరిగితే వాన నీరు నేరుగా అందులోకి దిగుతుంది. బరువు ఎత్తించి ఇంజన్ ఆపి ఎంత త్వరగా దిగుతుందో గమనించండి. వెనక చక్రాల లోపలి వైపు ఆయిల్ మరకలుంటే సీళ్లు పోయి బ్రేకులు తడిసి ఉండవచ్చు. బరువు కోసం టైర్లలో కాల్షియం క్లోరైడ్ నీళ్లు నింపి ఉంటే రిమ్ములను లోపలి నుంచి తుప్పు తినేసి ఉండవచ్చు, వాల్వు చుట్టూ తుప్పు చూస్తే తెలిసిపోతుంది. కొత్త పెయింటును చూసి ధర పెంచకండి. నాకైతే రంగు వెలిసిన బండే నిజం చెబుతుందనిపిస్తుంది.

ఈ ట్రాక్టర్లలో చాలావరకు బోల్తా రక్షణ చట్రంతో ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కావు. నా 35కి చట్రం, సీటు బెల్టు రెండూ పెట్టించాను. బెల్టు లేని చట్రం సగం రక్షణే. ముందు రెండు చక్రాలు దగ్గర దగ్గరగా ఉండే మూడు చక్రాల తరహా మోడళ్లు వాలు నేలకు వద్దే వద్దు. బరువు లాగేటప్పుడు వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్) కట్టాలి. పైన టాప్ లింకు (త్రీపాయింట్ లింకేజీలోని పై కడ్డీ) దగ్గర కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. పీటీఓ షాఫ్టు సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది, దాని మీద గార్డు లేకుండా ఇంజన్ స్టార్టు చేయకండి.

బేరం కుదరకముందే సీరియల్ నంబరు రాసుకోండి. విడిభాగాలు మోడల్ పేరుతో కాకుండా నంబరును బట్టి మారుతుంటాయి. 8ఎన్‌లోనే 263844 నంబరుకు ముందువాటికి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఇంజన్ ముందు భాగంలో ఉంటుంది, ఆ నంబరు నుంచి పక్కకు మారింది. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు.