నాణెం పేరు తెలుసుకుందామని పోతే గుప్తనిధుల గ్యాంగ్‌లో కలిపేశారు

కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఆగితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర నాకు మొబైల్ రిపేరు షాపు ఉంది. పాత నాణేల పిచ్చి ఎప్పటినుంచో ఉంది గానీ, మొన్నటిదాకా అది కంపెనీ కాలం పైసలు, నిజాం నాణేలు, టిప్పు ఏనుగు పైసలు దాటి వెనక్కి పోలేదు. ఈమధ్య బెంగళూరులో నాణేల ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు ఒక డీలరు దగ్గర ప్లాస్టిక్ కవరులో నల్లగా మట్టి పట్టిన రాగి బిళ్ళలు కలగాపులగంగా కనిపించాయి. "ఏ కాలంవో చూసే ఓపిక నాకు లేదు, మొత్తం తీసుకుంటే తగ్గించి ఇస్తా" అన్నాడు. బేరమాడి కొన్నాను. బిల్లు అడిగితే మొహం అదోలా పెట్టాడు గానీ, రాసిచ్చాడు. ఆ బిల్లే తర్వాత నన్ను కాపాడింది.

ఇంటికి తేగానే మా అమ్మ చూసి "ఇంత చింతపండు వేసి రుద్దితే తళతళలాడతాయి కదరా" అంది. రాగిచెంబుకైతే సరే. వందల ఏళ్ళుగా నాణెం మీద పేరుకున్న పచ్చ, నలుపు పొరలోనే అక్షరాల అంచులు నిలిచి ఉంటాయి. పులుపు తగిలితే పొరతోపాటు అక్షరమూ పోతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, మెత్తటి బ్రష్‌తోనూ టూత్‌పిక్‌తోనూ మట్టి వదిలించాను. ఆసిడ్‌లో ముంచి మెరిసేలా చేసి అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నాణెం ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

తూకం పాతూరులో నాకు తెలిసిన బంగారం షాపులో వేయించాను. గ్రాములో వందో వంతు దాకా చూపించే కాటా అది. అడ్డం కొలత వెర్నియర్‌తో తీసుకున్నాను. ముందు బరువు, సైజు రాసుకోండి, బొమ్మ సంగతి తర్వాత. చాలామంది బొమ్మ చూసి రాజు పేరు చెప్పేస్తారు. బరువు అడిగితే దిక్కులు చూస్తారు.

బొట్టుబిళ్ళంత ఉన్నవన్నీ రోమనువని బెంగళూరులోనే అనుమానం వచ్చింది. తమిళనాడులో కరూరు, మదురై వైపు, శ్రీలంకలోనూ ఇలాంటి చివరికాలపు రోమన్ రాగి నాణేలు బాగా దొరికాయి. మదర్‌బోర్డులు చూసే మైక్రోస్కోప్ కింద పెట్టి, లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి పడేటట్టు వంచాను. అరిగిపోయిన గీత కూడా నీడ పడి పైకి లేస్తుంది. ఒక బిళ్ళ 1.1 గ్రాములు, 13 మిల్లీమీటర్లు. వెనకవైపు రెక్కలున్న విజయదేవత ఒక బందీని ఈడ్చుకుపోతోంది, ఎడమ పక్కన చిన్న శిలువలాంటి గుర్తు. ఇది 'సాలుస్ రెయ్‌పుబ్లికే' రకం. రాజ్యానికి క్షేమం అని. క్రీ.శ. 388 నుంచి కొట్టించారు. మరి ఏ చక్రవర్తి? ముందువైపు తల చుట్టూ ఉన్న రాతలో పేరు చివరి ముక్క తప్ప అంతా పోయింది. ఆ రకంలో ఉండే పేర్లు కొన్నే. పేరు చివర 'ఐవిఎస్' ఉండి, దాని ముందు 'ఎస్' ఉంటే థియోడోసియస్, 'ఆర్' ఉంటే హొనోరియస్, 'డి' ఉంటే ఆర్కాడియస్. నాకు కనిపించింది 'డి'. కింద టంకశాల గుర్తు 'ఏఎన్‌టి', అంటే ఆంటియోక్, ఇప్పటి టర్కీలో ఉన్న పాత రోమన్ నగరం. ఒక్క అక్షరంతో 383 నుంచి 408 దాకా ఏలిన చక్రవర్తిని పట్టేశాను. బెంగళూరులో సూటు వేసుకుని తిరిగే డీలర్లలో ఈ పని చేయగలవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడాలి!

కవరులోనే ఒక గధయ్యా కూడా ఉంది. వెండి తక్కువ, మాసిపోయిన రంగు. ఇరాన్‌ను ఏలిన సాసానీయుల రాజు తల, అగ్నివేదిక నకలు మీద నకలు అయ్యి చుక్కలూ గీతలుగా మిగిలిపోయాయి. గుజరాత్, రాజస్థాన్ వైపు చాలా మామూలు నాణెం, గుర్తుపట్టడానికి నిమిషం పట్టలేదు.

అసలు కథ సింహం బిళ్ళది. కుడివైపుకు తిరిగి నిలబడి, ముందు కాలు ఎత్తి, నోరు తెరిచి, తోక పైకి మెలి తిప్పిన సింహం. వెనక పూర్ణకుంభంలాంటిది, దానికి అటూ ఇటూ దీపపు స్తంభాలు. బుద్ధిపుట్టి అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంది. మొదట దొంగదనుకున్నా. చదివితే తెలిసింది, ఆంధ్రను ఏలిన విష్ణుకుండినుల నాణేల్లో ఇనుము మీద రాగి తొడిగినవి ఉన్నాయని. వాళ్ళ తామ్రశాసనాల ముద్రల మీద ఉండేది కూడా సింహమే. ఐదు, ఆరు శతాబ్దాల మాట. కొందరు ఇలాంటివి పల్లవులవని కూడా వాదించారు. అందుకే చదువుకున్నవాళ్ళ నోటితో ఒక మాట వినాలనిపించింది.

దానికి తోడు మా బావ టెన్షన్ పెట్టాడు. "వందేళ్ళు దాటిన వస్తువు ఇంట్లో పెట్టుకుంటే కేసు పెడతారు, ముందే పోయి చెప్పుకో" అన్నాడు. సరే, రెండు పనులూ ఒకేచోట అవుతాయని నాణేలను విడివిడి కవర్లలో పెట్టి, స్టీలు టిఫిన్ బాక్సులో సర్దుకుని, బిల్లు జేబులో పెట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో చెప్పను.

లోపలికి పిలిచారు, కూర్చోమనలేదు. అక్కడి ఆఫీసరు సింహం బిళ్ళను బొటనవేలితో రుద్దుతూ మొదటి ప్రశ్న వేశాడు. "యాడ తవ్వినావప్పా?"

"తవ్వలేదు సార్, బెంగళూరులో కొన్నాను, బిల్లుంది."

బిల్లు వైపు చూడలేదు. "ఏ గుడికాడ? ఒక్కనివేనా, ఇంకెవరన్నా ఉన్నారా?" ఫోన్ తీసి, నాణేలతో సహా నన్ను ఫొటో తీశాడు, రికార్డుకంట. ఆధార్ జిరాక్స్ కావాలన్నాడు. ఎండలో బయటికి పోయి తీయించుకొచ్చాను. తిరిగి వచ్చేసరికి నా టిఫిన్ బాక్సు పక్క టేబుల్ మీద ఉంది, చుట్టూ నలుగురు మూగి ఉన్నారు. విడివిడి కవర్లలోంచి తీసి అన్నీ కలిపేశారు. నేను బరువు రాసి అంటించిన చీటీలు కింద పడి ఉన్నాయి.

నేను అప్పటికీ ఓపిగ్గా చెప్తున్నా. ఇది బహుశా విష్ణుకుండినులది సార్, లోపల ఇనుము ఉంది, అయస్కాంతానికి అంటుకుంటుంది అని. అంటుకుంటుంది అనేమాట వినపడగానే గది అంతా నిశ్శబ్దం. అటెండర్ గొంతు తగ్గించి అడిగాడు, "అన్నా, ఇది రైస్ పుల్లింగ్ కాయినా?"

తెలియనివాళ్ళకు చెప్తున్నా. బియ్యపు గింజలను లాగే నాణెం ఉందని, దానికి కోట్లు వస్తాయని నమ్మించి డబ్బు గుంజే మోసం ఇది. మన సీమలో దీనికి పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు. ఆ మోసాన్ని పట్టుకోవలసిన ఆఫీసులో, గోడకున్న వెంకటేశ్వరస్వామి పటం ముందు పళ్ళెంలోంచి నాలుగు అక్షింతలు తెచ్చి నా సింహం పక్కన పెట్టారు. పసుపు అంటిన బియ్యపు గింజలు. అందరూ వంగి చూస్తున్నారు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మరీ చూశాడు. ఒక గింజ కదిలిందని ఎవరో అన్నారు. ఫ్యాన్ గాలికి. ఫ్యాన్ ఆపించారు. గింజ కదలలేదు.

అంతే, నా మీద ఆసక్తి పోయింది. "ఇది రాయలవారి కాలందిలే, సింహం ఉంది కదా, తీసుకుపో" అన్నాడు. కృష్ణదేవరాయల వరహాల మీద బాలకృష్ణుడు ఉంటాడు, సింహం ఎక్కడిది? వెయ్యేళ్ళ తేడా! మా ప్రాంతంలో పాతదేది కనిపించినా రాయలవారి ఖాతాలో వేసేస్తారు. నోరు తెరవలేదు, ఎందుకంటే అప్పటికే బయట బెంచీ మీద నా షాపుకు వచ్చే కస్టమర్ ఒకాయన కూర్చుని మొత్తం వింటున్నాడు. ఏదన్నా రాసివ్వండి సార్ అంటే, "రాసేదానికి ఏముంది?" అన్నాడు. ఆ సాయంత్రమే ఒకడు షాపుకొచ్చి డిస్‌ప్లే రేటు అడిగినట్టు అడిగాడు, "అన్నా, నీకాడ రైస్ పుల్లర్ ఉందంట, ఎంతకిస్తావ్?" ఇప్పటికీ అడుగుతున్నారు.

వాళ్ళ అనుమానానికి అర్థం లేదని అనను. పాడుబడిన గుడి కనబడితే నంది కింద తవ్వే దరిద్రులు మా జిల్లాలో ఉన్నారు. వాళ్ళవల్ల చరిత్ర ఎంత నాశనమైందో లెక్కలేదు. కానీ తవ్వినవాడు బిల్లూ, ఆధార్ కార్డూ పట్టుకుని ఆఫీసుకు వస్తాడా?

చట్టం సంగతి చివరికి నేనే చదువుకున్నా. భూమిలో దాచినది దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధుల చట్టం కింద కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అందులో తప్పించుకునేది లేదు. కొన్నవాటికి వర్తించేది 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, మనంతట మనం విదేశాలకు పంపకూడదు. అయితే రిజిస్టర్ చేయించుకోవాలని చెప్పిన జాబితాలో శిల్పాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఉన్నాయి, నాణేలు లేవు. మా బావకు ఇది చదివి వినిపించాను. "అవునా" అన్నాడు, అంతే.

కాబట్టి బిల్లు లేకుండా కొనకండి, దాని మీద డీలరు లైసెన్సు నంబరు రాయించుకోండి. ప్రతి నాణేనికీ రెండువైపులా ఫొటో, బరువు, కొలత, కొన్న తేదీ ఒక నోటుబుక్కులో ఉంచండి. చీటీలు పడేసినా నేను మళ్ళీ అన్నీ సరిగ్గా సర్దుకోగలిగింది ఆ పుస్తకం వల్లే. సింహం ఫొటోలు హైదరాబాదులో ఉండే ఒక పెద్దాయనకు వాట్సాప్‌లో పంపితే, "దీపపు స్తంభాలు చూశావు కదా నాయనా, విష్ణుకుండినులదే, ఇంకా అనుమానమేంటి" అని క్షణంలో జవాబిచ్చాడు. ఆయన ఏ ఆఫీసులోనూ లేడు.

ఇంకో బిళ్ళ మిగిలింది. ఒకవైపు మూపురం ఉన్న ఎద్దు, రెండోవైపు పూర్తిగా అరిగింది. ఎద్దు పల్లవులకు చాలా ఇష్టమైన గుర్తు కాబట్టి ఆ దారిలో వెతుకుతున్నా. వచ్చే ఎగ్జిబిషన్‌కు పట్టుకుపోతా, బిల్లు జిరాక్స్‌తో సహా.