స్లాబు ఇంట్లో స్టీరియో: కొనేముందు ఎక్కడ పెడతారో చూసుకోండి

నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఎవరింటికి పోయినా స్పీకర్లు రెండు జాగాల్లోనే కనిపిస్తాయి. అయితే టీవీ షోకేసు అరలో బొమ్మల పక్కన ఇరికించి ఉంటాయి, లేదంటే సజ్జ మీద ఇత్తడి బిందెల మధ్య ఉంటాయి. వేలకు వేలు పోసి కొన్నవే. "ఏ కంపెనీది తీసుకోమంటవ్ అన్నా?" అని అడిగేవాళ్లు చాలామందే గానీ "తెచ్చినంక యాడ పెట్టాలె?" అని అడిగేవాళ్లు కనపడరు. నన్నడిగితే ముందు అడగాల్సింది రెండోదే. ఇరవై వేల స్పీకరు తీసేసి అరవై వేలది తెచ్చినప్పుడు వచ్చే తేడా కంటే, ఉన్నదాన్నే సజ్జ మీంచి దించి సరైన చోట పెడితే వచ్చే తేడా మన ఇళ్లల్లో ఎక్కువ.

ఎందుకంటే చిక్కంతా స్లాబు ఇంటితోనే. నాలుగు పక్కలా సిమెంటు గోడ, దాని మీద నున్నగా పుట్టీ, కింద గ్రానైటో టైల్సో తాండూరు బండలో, నెత్తిన ఆర్సీసీ. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ లేదు. సామాను ఇంకా సర్దని కొత్తింట్లో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చూడండి, ఎదురెదురు గోడల మధ్య అది టర్‌ర్‌మని కొట్టుకుంటూ పోవడం చెవికి తెలిసిపోతుంది. పాటలో ప్రతి మాట వెనకా ఆ తోక ఉంటుంది. పాడేవాళ్ల ఊపిరి, తబలా మీద అరచేయి జారడం లాంటి సన్నటి సంగతులన్నీ దాని కింద నలిగిపోతాయి. దేవరకొండ వైపు పల్లెల్లో మట్టిగోడల పెంకుటిళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి కదా, వాటిల్లో చిన్న రేడియో కూడా చెవికి హాయిగా ఉంటుంది. గోడలు ఎగుడుదిగుడు, పైన దూలాలు, పెంకుల సందుల్లోంచి కొంత శబ్దం బయటికే పోతుంది, తిరిగొచ్చి మన మీద పడదు.

ఇక పెట్టడం. స్టీరియో అంటే రెండు పక్కల నుంచి మోత రావడం కాదు. 1931లో ఆలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లండు ఇంజినీరు దీనికి పేటెంటు పెట్టుకున్నప్పటి నుంచీ ఉద్దేశం ఒకటే, స్పీకరు లేని చోట కూడా మనిషి నిలబడి పాడుతున్నట్టు చెవిని నమ్మించడం. రెండు స్పీకర్ల శబ్దమూ ఒకే సమయానికి, ఒకే బలంతో మనకు చేరితేనే గొంతు నడిమధ్యన నిలబడుతుంది. కాబట్టి టేపు తీసి కొలవండి. స్పీకర్ల మధ్య ఆరడుగులుంటే, ఒక్కోదాని నుంచి మీ తలకు ఆరు, ఆరున్నర అడుగులు ఉండాలి, ఎడమకీ కుడికీ అంగుళం కూడా తేడా రాకుండా. తర్వాత రెండింటినీ కొద్దిగా మీ వైపు తిప్పండి. ట్వీటర్, అంటే స్పీకరులో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం, చెవి ఎత్తుకు రావాలి. సోఫాలో కూర్చుంటే చెవి నేల నుంచి సుమారు మూడడుగులు, అంటే చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు రెండడుగులు దాటిన స్టాండు కావాలన్నమాట. దాన్ని ఆన్‌లైన్‌లో కొనే పని లేదు. ఊళ్లో వెల్డింగ్ షాపుకు పోయి చదరపు పైపుకి కిందా పైనా ప్లేటు వేయించి, పైపు నిండా ఇసుక పోసి మూయించండి. ఖాళీ పైపును వేలితో కొడితే గుడి గంటలా మోగుతుంది, ఇసుక పడ్డాక దబ్బుమని ఊరుకుంటుంది. ఇసుక మాత్రం ఎండలో బాగా ఆరబెట్టినదే పోయాలి, తడిది పోస్తే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.

బాస్ అంటే దిగువ స్థాయి శబ్దం. దాని సంగతికొస్తే, మన వైపు సౌండ్ అంటే వినాయక నిమజ్జనం రోజు డీజే బండి పక్కన ఛాతీ అదరడమే అని ఒక లెక్క పడిపోయింది. ఇంట్లో బాస్ అని మురిసిపోయేది చాలావరకు గది మోత. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ (అంటే సెకనుకు 56 కంపనాలు) దగ్గర, పన్నెండు అడుగుల ఎడంలో 47 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోయి హోరు పెడుతుంది. మన మేస్త్రీలు స్లాబు కూడా ఎక్కువగా పదడుగుల ఎత్తుకే వేస్తారు, అందుకని 10×12 గదిలో అడ్డంగా ఒకసారి, నిలువునా ఒకసారి అదే 56 మీద మీద పడుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ (అడిగిన హెర్ట్జ్ దగ్గర ఒకే స్వరం పలికించేది) పెట్టి, ఆంప్లిఫయర్‌కి కలిపి, ఆ అంకె వేసి గదిలో అటూ ఇటూ నడవండి. మూలకు పోతే చెవులు దిమ్మెక్కుతాయి, గది నడుమకొస్తే దాదాపు మాయమవుతుంది.

అందుకే స్పీకరు మూలన పెట్టొద్దంటాను. కరెంటు సామానంతా ఆగ్నేయంలో ఉండాలని వాస్తు ఆయన చెప్పాడని రెండు స్పీకర్లనూ ఆ మూలకే తోసేసిన ఇళ్లున్నాయి. ఆంప్లిఫయర్‌ని ఆగ్నేయంలోనే పెట్టుకోండి, ఎవరొద్దన్నారు, స్పీకర్లకు వైరు ఉంది కదా. వెనక గోడకు ఒకటిన్నర, రెండడుగులు ఎడం ఇవ్వండి. వెనక గోడకీ పక్క గోడకీ దూరం ఒకేలా రాకుండా చూసుకోండి. స్పీకరు ముఖం గోడకు మూడడుగులుంటే 94 హెర్ట్జ్ దగ్గర, గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన శబ్దం నేరుగా వచ్చేదాన్ని కొట్టేస్తుంది. రెండు గోడలూ మూడేసి అడుగులైతే అక్కడ శబ్దం ఇంకా పడిపోతుంది. సోఫాను కూడా గోడకు ఆనించకుండా కాస్త ముందుకు లాగండి. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోవడం అసలు కష్టం ఇక్కడే, దానికి నా దగ్గర చిట్కా లేదు.

పక్క గోడల పని సులువు. మీరు సోఫాలో కూర్చోండి, ఒకరిని చిన్న అద్దం పట్టుకుని పక్క గోడ వెంబడి నడవమనండి. ఏ చోట అద్దంలో స్పీకరు కనిపిస్తే అక్కడ్నుంచే మొదటి ప్రతిధ్వని మీ చెవికొస్తోంది. ఆ జాగాలో పాత బొంత రెండు మడతలేసి వేలాడదీసినా తేడా తెలుస్తుంది. ఇంకా బాగా కావాలంటే జిన్నింగ్ మిల్లులున్న జిల్లాలో దూదికి కొదవేంటి. నాలుగంగుళాల మందం చెక్క ఫ్రేము కొట్టించి, పరుపులు కుట్టేవాళ్ల దగ్గర దూది నింపించి, పైన పలచటి నూలు గుడ్డ కప్పించి, గోడకు రెండంగుళాల ఎడంగా తగిలించండి. దూది కాబట్టి స్విచ్ బోర్డుకీ దేవుడి దీపానికీ దూరంగా. ఎలుకలున్న ఇల్లయితే బొంతతోనే సరిపెట్టుకోండి, దాన్ని దులుపుకోవచ్చు. గుడ్ల ట్రేలు, థర్మాకోల్ అంటించడం మాత్రం దండగ, గోడ పాడవడం తప్ప ఏమీ ఒరగదు.

వైర్ల మీద డబ్బు తగలేయకండి. గది దూరానికి కరెంటు షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి పడిందా అన్నదే చూసుకోవాల్సింది. ఘంటసాల గారి అరవైల నాటి పాట ఏదైనా వేయండి, అప్పటి సినిమా రికార్డింగు మోనోనే, అంటే రెండు పక్కలా ఒకే శబ్దం, కాబట్టి గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా నడుమ నిలబడాలి. గదంతా చెదిరిపోయి, బాస్ ఎటో పోతే ఒక పక్క వైర్లు తిరగబడ్డట్టే.

గుయ్యిమనే హమ్ వస్తే మొదట సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ టీవీ వైరు పీకి చూడండి, చాలాసార్లు దొంగ అదే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే వస్తే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, అంటే కరెంటును సాఫీ అలలా కాక ఒక్కసారిగా పైకీ కిందికీ మార్చి ఇచ్చే రకం, అయ్యుంటుంది. ఫ్యానంటారా, మే నెలలో దాన్ని ఆపమని నేను చెప్పను, చీకటి పడ్డాక రెండో నంబర్ మీద పెట్టుకుని వినండి. గిన్నెల గలగల, బీరువా తలుపు అదరడం ఎవరికైనా తెలిసేవే. మా సజ్జ మీద ఖాళీ బిందె ఒకటుండేది, పాటలో ఒకే ఒక్క స్వరం వచ్చినప్పుడు అదీ గొంతు కలిపేది. "గా బిందె ఏందిరా గట్ల మూలుగుతది?" అని మా అమ్మే కనిపెట్టి, దాంట్లో పాత చీర కుక్కింది, ఆగిపోయింది.

ఇంతా చేశాక కూడా బాస్ మాత్రమే పలికే విడి స్పీకరు, అంటే సబ్‌వూఫర్ కావాలనుకుంటే దాని జాగా కనుక్కోవడానికి ఒక పద్ధతుంది. దాన్ని ఎత్తి మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బాస్ గిటార్ బాగా వినిపించే పాట ఒకటి పదే పదే వేస్తూ, మీరు గోడల వెంబడి చెవి నేలకు దగ్గరగా పెట్టి పాకండి. ఎక్కడ ప్రతి స్వరం విడివిడిగా, సమానంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌ని అక్కడ పెట్టాలి. మా బామ్మర్ది వాళ్లింట్లో వాడు పాకుతుంటే పిల్లలు వీపు మీదెక్కి గుర్రమాట మొదలుపెట్టారు. చివరికి జాగా వాయువ్యంలో, చెప్పుల స్టాండు పక్కన తేలింది. చెప్పుల స్టాండు బయట వరండాలోకి పోయింది.