పాత కిడ్నీలో గడ్డ

ట్రాన్స్‌ప్లాంట్ అంటే పాడైన కిడ్నీలు తీసేసి కొత్తది పెడతారనే చాలామంది అనుకుంటారు. మామూలుగా వాటిని తియ్యరు. నడుము వైపు ఉన్నచోటే కుంచించుకుపోయి ఉండిపోతాయి. కొత్తదాన్ని పొత్తికడుపులో ఓ పక్కన అమరుస్తారు. నాకు గడ్డ వచ్చింది ఆ పనికిరాని పాత కిడ్నీలో.

నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, 1.2. ఏటా చేసే అల్ట్రాసౌండ్‌లో అమ్మ ఇచ్చిన కిడ్నీ చూడటం అయ్యాక, డాక్టర్ గారు నన్ను పక్కకి తిరగమన్నారు. ఎడమ నడుము మీద ప్రోబ్ ఒకేచోట ఆగి, కాస్త జరిగి, మళ్లీ అక్కడికే వస్తుంటే నాకు గుండె దడ మొదలైంది. చాలాకాలం డయాలసిస్ మీద ఉన్నవాళ్ల కిడ్నీల్లో నీటి తిత్తులు రావడం మామూలే. వాటి మధ్య ఒకటి గట్టిగా కనబడింది.

సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కొత్త కిడ్నీని ఏం చేస్తుందోనని గడ్డకంటే దానికే ఎక్కువ టెన్షన్ పడ్డాను. సెలైన్ పెట్టి జాగ్రత్తగా చేశారు, ఏమీ కాలేదు. అమ్మకి చెబితే ముందు అడిగిన మాట, "నేనిచ్చిన దానికేం కాలేదు కదే?"

రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని తిప్పికొట్టడం, రాకుండా వేసుకునే మందులు రోగనిరోధక శక్తిని అణిచిపెడతాయి. దారితప్పిన కణాల్ని పట్టి చంపే పనీ దానిదే. కేన్సర్ తెచ్చిపెట్టగల హెచ్‌పీవీ, ఎప్‌స్టీన్-బార్ లాంటి వైరస్‌లకీ అదే సందు. అందుకే మాలాంటివాళ్లకి కేన్సర్ ముప్పు మొత్తం మీద 2 నుంచి 4 రెట్లు. చర్మ కేన్సర్లయితే, ముఖ్యంగా తెల్లచర్మం వాళ్లలో, ఇంకా చాలా ఎక్కువ.

ల్యాపరోస్కోపీతో ఆ కిడ్నీ తీసేశారు. గడ్డ కేన్సరే గానీ చిన్నది, కిడ్నీ దాటి పోలేదు, కీమో అక్కర్లేదన్నారు. ఆపరేషన్ తేలిగ్గానే గడిచింది. అసలు తంటా మందుల దగ్గర వచ్చింది. తగ్గిస్తే రిజెక్షన్ భయం, అలాగే ఉంచితే కేన్సర్ భయం. చివరికి నేను వేసుకునే రిజెక్షన్ మందుల్లో మైకోఫెనోలేట్ ఆపి, టాక్రోలిమస్ తగ్గించి, అదే పని చేసే సిరోలిమస్ మొదలుపెట్టారు. అదీ గాయం పూర్తిగా మానాకే, ఎందుకంటే ఆ మందు గాయాన్ని త్వరగా మాననివ్వదు. ఇక నోటినిండా పుళ్లు. మంచినీళ్లు తాగినా మంటే. డోసు సర్దాక నెమ్మదించింది. మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఏటా చర్మం డాక్టర్ దగ్గరికీ వెళ్తున్నాను. చెవుల వెనక, కింది పెదవి, అరికాళ్లు, దేన్నీ వదలరు. గర్భాశయ ముఖద్వారంలో కేన్సర్ జాడ ఉందేమో చూసే పాప్ టెస్టూ మానను.

కుడిపక్క పాత కిడ్నీ ఇంకా లోపలే ఉంది. దాన్నీ తీసేయమని అడిగాను. ఇంకో ఆపరేషన్ కంటే కనిపెట్టుకుని ఉండటమే మేలన్నారు. స్కాన్ చీటీలో కొత్త కిడ్నీ పేరే ఉంటే, పాతదాన్నీ చూడమని రాయించుకున్నాకే లోపలికి వెళ్తున్నాను.